ముగ్గుపిండి నక్ష

ఆఫీసోళ్ల నక్షల మా కంకరగుట్ట బస్తీ
ఊదారంగు చుక్క.
కింద సన్నటి అక్షరాలల్ల రాసుంది: ఖాళీ జాగ.
నేను రెండుసార్లు చదివిన.
మూడోసారి గౌసియాబీ అద్దాలు తుడుచుకొని చదివింది.
నూట పద్దెనిమిది గడపలు, రెండు కిరాణాలు,
పగలంత నిద్రపోయే ఒక బోరింగు,
బండ కొట్టి కొట్టి కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్న ఓర్సు ఎల్లమంద,
అందరం కలిసి ఖాళీ.

ఎవరన్నరో యాదికి లేదు గని,
"మన నక్ష మనమే గీద్దాం" అన్నరు.

ఆదివారం.
క్రషర్ ఆగి పదకొండేండ్లైన మైదానం.
చందా పైసలతోని నాలుగు కిలోల ముగ్గుపిండి.
రిజిస్టర్ రాసుడు నా వంతు,
పదో తరగతి పాసైన పాపానికి.

మొదలు క్వారీ గుంత గీసిన్రు.
అది ఎంత లోతో ఆ రంగు కాగితానికేం తెల్సు.
ఎల్లమందను అడిగితే, "మా నాయిన అరవై మెట్లు దిగెటోడు,
నా వంతుకు తొంభై" అన్నడు,
అని, ఆ సున్న నడుమ ఉత్తగనే నిలబడ్డడు.
మా గుట్ట ఎటూ పోలే, శహర్ నిండ పరుచుకున్నది.
బస్సు వంతెనెక్కితే
కాళ్లకింద కదులుతది మా తాతల రాయి.

పిల్లలు వీధి దీపాలకు సోడామూతలు పెట్టిన్రు,
వెలగనివి బోర్లించిన్రు. అన్నీ బోర్లనే.
మంగ్లీ తను పెంచుతానన్న కూరగాయల మడులకు
పచ్చిమిరపకాయలు వరుసగ పేర్చింది.
గాజు పెంకులు ఇండ్లు. ఎవరి పెంకు వాళ్లే పెట్టుకున్నరు.

అప్పుడొచ్చింది గుంతనీళ్ల పంచాయితీ.
ట్యాంకర్ సాయిబాబ్జీ లేచి
నెలకు ఎంతొస్తదో లెక్క చెప్పిండు,
లెక్క కమ్మగనే ఉన్నది.
"నీళ్లమ్మినోళ్లు మల్ల బిందె పట్టుకొని నిలబడ్తరు బేటా,
నీ ట్యాంకర్ ఎనకనే" అన్నది గౌసియాబీ.
రిజిస్టర్ల ఇట్ల రాసిన:
గొడవ అయినది. చాయ్ తాగితిమి. మళ్లీ గొడవ అయినది.

నాలుగింటికి వాన.

అందరు రేకులకిందికి ఉరికిన్రు.
నక్షను ఎత్తుకొని ఉరకలేం కద.
మోరీ కోసం మేం తాడు పట్టి గీసిన గీతను
నీళ్లు కండ్లెత్తి చూడలే.
తెల్లగ, కలిపిన పాలపొడి లెక్క ఒక పాయ
వాలు దేవులాడుకుంట దేవులాడుకుంట
మంగ్లీ మిరపకాయలు మోసుకొని
మలుపు తిరిగి
ఒక గాజు పెంకు మీదికెళ్లి గుంతల దుంకింది.

ఆకుపచ్చ పెంకు. పగిలిన నా గాజు.
మా ఇల్లు. సరిగ్గ మా వంటర్ర.

అందరు వానను చూస్తున్నరు.
ఒక్కరూ నా దిక్కు చూస్తలేరు.
రోజూ నల్లాకాడ కొట్లాడే ఆ నోళ్లల్ల
అంత మర్యాద ఎప్పుడు దాచుకున్నరో.

మూడు వానకాలాలాయె మా వంటర్ర గోడ ఉబ్బవట్టి.
పైపు పగిలిందని అందరికి చెప్పిన.
వంటర్రను మోరీ వాలు మీదికి రెండు గజాలు జరిపి కట్టింది మేమే,
రాత్రికి రాత్రి, పక్కింటోళ్లు పెండ్లికి పోయిన్నాడు.
రిజిస్టర్ల అది ఏ పేజీలనూ లేదు.

తడిసిన కాగితం మీద పెన్ను ఆగాగి నడిచింది:
వాన చూపిన తొవ్వనే మోరీ తొవ్వ.
అడ్డమున్న గోడ ఎనకకు జరుపవలెను.
ఇంటిపేరు కాడ కొంచెంసేపు
చుక్కలు చుక్కలు పెట్టుకుంట కూసున్న.
ఆఖరికి రాసిన. వంకరగనే వచ్చింది.

ఎల్లమంద తొంగి చూసి
"గోడ నేను విప్పుత, ఒక్క రాయి పగలనియ్య" అన్నడు
మూడేళ్ల చెయ్యి చూపెట్టి.

ఇంట్ల ఇంక చెప్పలే.
రాత్రి అన్నం వండుకుంట ఆ గోడను ముట్టి చూసిన,
సల్లగ, చెమ్మగ,
లోపల ఏదో నడుస్తున్నట్టు.

వచ్చే ఆదివారానికి ముగ్గుపిండి, ఆరు కిలోలు.